కేసులో పనులు వరుసగా తెరుచుకోవాలి, ఆమోదాలు మూడు అంచెల్లో జరగాలి: ఎలా అమర్చాలి?

కొత్త అడ్మిన్:

నమస్కారం. మా సంస్థలో పరిహార దరఖాస్తులను పరిష్కరించే విభాగానికి కేస్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌ను అమర్చే పనిని ఆరు వారాల క్రితం నాకు అప్పగించారు. నేను ప్రోగ్రామర్‌ను కాను. ఫారాలు, రోల్స్, టెంప్లేట్లు అడ్మిన్ తెర నుంచి అమర్చగలను, అవసరమైతే చిన్న షరతులను ఫార్ములాగా రాయగలను. అంతకు మించినది ఏదైనా సాంకేతిక బృందాన్ని అడగవలసిందే. మేము వాడుతున్న సాఫ్ట్‌వేర్ బీపీఎమ్ఎన్, సీఎమ్ఎమ్ఎన్ (పని సాగే తీరును పటంగా గీసే రెండు ప్రామాణిక పద్ధతులు) పటాలు రెండింటినీ నడపగలదని దాని సహాయ పత్రాల్లో ఉంది కానీ, ఇప్పటివరకు నేను వాడినది టాస్కుల జాబితా ఉన్న మామూలు టెంప్లేటు మాత్రమే.

ఒక్కొక్క దరఖాస్తుకు మా దగ్గర ఎనిమిది పనులు ఉంటాయి. దరఖాస్తు నమోదు, పత్రాల పరిశీలన, స్థల తనిఖీ, నష్టం అంచనా, నిర్ణయ ముసాయిదా అనే ఐదు పనుల తర్వాత విభాగ పర్యవేక్షకులు, న్యాయ విభాగం, డైరెక్టర్ ఒకరి తర్వాత ఒకరు ఆమోదించాలి. చిక్కు ఏమిటంటే, కేసు సృష్టించిన క్షణానే ఎనిమిది టాస్కులూ ఒక్కసారిగా తెరుచుకుని ఎవరి జాబితాలోకి వారికి వెళ్లిపోతున్నాయి. తనిఖీకి వెళ్లేవారు పత్రాలు సరిచూడకముందే స్థలానికి వెళ్లి వస్తున్నారు. గత వారం ఇంతకంటే పెద్ద పొరపాటు జరిగింది. పత్రాల పరిశీలన ఇంకా మొదలుకాని ఒక కేసును డైరెక్టర్ ఆమోదించేశారు. ఆయన తప్పేమీ లేదు. జాబితాలో కేసు కనిపించింది, పక్కన ‘ఆమోదించు’ అనే బటన్ ఉంది, ఆయన నొక్కారు, సాఫ్ట్‌వేర్ అభ్యంతరం చెప్పలేదు.

గడువుల సంగతీ ఇలాగే ఉంది. గడువు లెక్క కేసు సృష్టించిన రోజు నుంచే మొదలవుతున్నందున, కేసు న్యాయ విభాగం వంతుకు వచ్చేసరికి వారి టాస్కు అప్పటికే ఎర్ర రంగులోకి మారి ఉంటోంది. తమ చేతికి రాని పనికి తాము ఆలస్యం చేసినట్టు నివేదికలో చూపడం అన్యాయమని వారు అంటున్నారు, అది నిజమే.

టాస్కులకు 1, 2, 3 అని క్రమ సంఖ్యలు ఇచ్చి చూశాను. తెరపై కనిపించే వరుస మారింది తప్ప, మూడోది పూర్తికాకుండా నాలుగోది తెరవకూడదనే నిబంధన ఏదీ దానివల్ల రాలేదు. ఈ పనులను నిజంగా వరుసలో పెట్టడం ఎలా? మధ్య అంచెలో ఎవరైనా తిరస్కరిస్తే కేసు ఎక్కడికి వెళ్లాలి? ఆమోదించవలసినవారు సెలవులో ఉంటే ఏం చేయాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

పాతకాపు:

క్రమ సంఖ్యలతో మోసపోయినవారిలో మీరు మొదటివారు కారు. చాలా సాఫ్ట్‌వేర్లలో ఆ సంఖ్య తెరపై అమరిక కోసం ఉన్నదే. ఒక టాస్కు ఎప్పుడు తెరుచుకోవాలన్నది వేరే చోట, ‘ప్రారంభ షరతు’ లేదా ‘ముందు పూర్తికావలసినవి’ వంటి పేరుతో ఉంటుంది. మీ టెంప్లేటులో ఆ గడి ఖాళీగా ఉండి ఉంటుంది. షరతు లేని టాస్కు కేసుతో పాటే తెరుచుకుంటుంది కాబట్టి ఎనిమిదీ ఒకేసారి వచ్చాయి.

అయితే ఆ గడిని నింపడానికి కూర్చునే ముందు ఒక కాగితం తీసుకోండి. ప్రతి పనికీ ఎదురుగా ‘దీనికి ముందు ఏది జరగాలి’ అని కాకుండా, ‘ఇది చేసేవారి చేతిలో ఏది ఉండాలి’ అని రాయండి. ఈ రెండు ప్రశ్నలూ ఒకటే అనిపిస్తాయి కానీ జవాబులు వేరుగా వస్తాయి. నష్టం అంచనా వేసేవారికి తనిఖీ నివేదిక కావాలి. అది నిజమైన ఆధారం. స్థల తనిఖీకి మాత్రం పత్రాలన్నీ సరిచూసి ఉండాలా, లేక దరఖాస్తుదారు గుర్తింపు, స్థలం వివరాలు సరిచూస్తే చాలా? రెండోదే నిజమైతే, మొత్తం పరిశీలన ముగిసేదాకా తనిఖీని ఆపడం వల్ల రోజులు పోతాయే తప్ప ఒరిగేదేమీ లేదు. పాత కాగితపు ఫైలు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి వెళ్లిన వరుసనే యథాతథంగా సాఫ్ట్‌వేర్‌లో పెట్టేవారిని ఎందరినో చూశాను. ఒక్క ఫైలు ఒకే సమయంలో రెండు బల్లల మీద ఉండలేదు కాబట్టి అప్పట్లో ఆ వరుస వచ్చింది. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు.

మీ సాఫ్ట్‌వేర్‌లో రెండు పటాలకూ వీలుంది కనుక వాటి మధ్య తేడా చెబుతాను. ముందుగానే తెలిసిన దారిలో ఒక అడుగు తర్వాత ఒక అడుగుగా సాగే పనికి బీపీఎమ్ఎన్ సరిపోతుంది. దాని 2.0 రూపం 2011లో ప్రామాణికంగా వచ్చింది, 2013లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ దాన్ని 19510 సంఖ్యతో స్వీకరించింది. కేసును బట్టి ఏ పని ఎప్పుడు చేయాలో నిర్ణయించుకునే వీలు ఉండాలంటే సీఎమ్ఎమ్ఎన్. దాని మొదటి రూపం 2014లోను, 1.1 రూపం 2016లోను వచ్చాయి. అందులో బాణం గుర్తు దారిని చూపదు. టాస్కు అంచు మీద వజ్రం ఆకారంలో ఒక చిన్న గుర్తు ఉంటుంది, దానిని సెంట్రీ అంటారు. పేరుకు తగ్గట్టే అది కాపలాదారు. ‘పత్రాల పరిశీలన పూర్తయింది’ అన్న కబురు, దానికి తోడుగా ‘గుర్తింపు సరిపోయింది’ అన్న షరతు, రెండూ కుదిరితేనే అది టాస్కును తెరవనిస్తుంది. లోపల ఖాళీగా ఉన్న వజ్రం ప్రవేశానికి, నల్లగా నింపిన వజ్రం నిష్క్రమణకు.

ఇక్కడ దాదాపు అందరూ ఒక్కసారైనా జారే చోటు ఒకటి ఉంది, కాస్త నిదానంగా చదవండి. నిర్ణయ ముసాయిదా టాస్కుకు పత్రాల పరిశీలన, నష్టం అంచనా రెండూ పూర్తికావాలని అనుకుందాం. టాస్కు అంచున రెండు వజ్రాలు పెట్టి ఒక్కొక్కదానికి ఒక గీత కలిపితే, రెండిటిలో ఏ ఒక్కటి తీరినా ముసాయిదా తెరుచుకుంటుంది. రెండూ తీరాలంటే వజ్రం ఒక్కటే ఉండాలి, రెండు గీతలూ ఆ ఒక్క వజ్రానికే చేరాలి. పటం చూస్తే రెండూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. నడిపి చూస్తే ఒకటి ‘లేదా’, మరొకటి ‘మరియు’. మీ డైరెక్టర్ గారి ఆమోదం వంటి పొరపాటు మళ్లీ రావడానికి ఇది చాలు.

మరో సంగతి. సెంట్రీ తీరగానే టాస్కు తనంతట తానే మొదలవ్వాలా, ఎవరైనా ‘ప్రారంభించు’ అని నొక్కాలా అన్నది మాన్యువల్ యాక్టివేషన్ అనే నియమం నిర్ణయిస్తుంది. ఆ నియమం రాయకుండా వదిలేస్తే 1.0లో మనిషి నొక్కేదాకా ఆగుతుంది, 1.1లో తానే మొదలవుతుంది. ఎక్కడి నుంచో తెచ్చిన పాత పటాన్ని కొత్త ఇంజిన్‌లో, అంటే పటాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో, నడిపేవారు దీన్ని గమనించక తికమక పడుతుంటారు. తనిఖీ వంటి పనికి మనిషి నొక్కడమే మేలు, ఎందుకంటే తనిఖీ అవసరం లేని కేసులు మీకూ ఉండే ఉంటాయి.

గడువుల ఇబ్బంది కూడా ఇదే అమరికతో చాలా వరకు తీరుతుంది. గడువును ‘కేసు సృష్టించిన తేదీ నుంచి’ కాక ‘టాస్కు చేతికి వచ్చిన సమయం నుంచి’ లెక్కించమని పెట్టండి. దరఖాస్తుదారుకు ఇచ్చిన మాట మొత్తం కేసుకు సంబంధించినది కాబట్టి దానికి వేరే గడువు కేసు మీదే ఉంచండి. రెండు లెక్కలూ ఉండాలి, ఒకదానిలో ఒకటి కలవకూడదు.

ఆడిట్ కన్ను:

పాతకాపు గారు పనుల వరుస గురించి బాగా చెప్పారు. నేను ఆమోదాల గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే చాలామంది వాటిని కూడా మామూలు టాస్కుల్లాగే అమర్చి తర్వాత చిక్కుల్లో పడతారు. పత్రాల పరిశీలన ఒక పని, దానిని పూర్తిచేస్తారు. ఆమోదం ఒక నిర్ణయం. దానికి కనీసం మూడు ముగింపులు ఉంటాయి: ఆమోదించడం, తిరస్కరించడం, సవరణ కోసం వెనక్కి పంపడం. ‘పూర్తయింది’ అనే ఒకే స్థితి ఉన్న టాస్కులో వీటిని ఇరికిస్తే, తిరస్కరించినా టాస్కు పూర్తయినట్టే లెక్క కాబట్టి తర్వాతి అంచె తెరుచుకుంటుంది. పర్యవేక్షకులు తిరస్కరించిన కేసు న్యాయ విభాగానికి చేరడం నేను కళ్లారా చూశాను. అందువల్ల తర్వాతి అంచె సెంట్రీలో ‘ముందు అంచె పూర్తయింది’ అన్నది చాలదు, ‘ముందు అంచె ఫలితం ఆమోదం’ అన్న షరతు కూడా తప్పనిసరిగా ఉండాలి.

తిరస్కరణను, వెనక్కి పంపడాన్ని ఒకే బటన్ కింద పెట్టకండి. తిరస్కరణ అంటే దరఖాస్తుకు పరిహారం లేదని తేల్చడం, దాని తర్వాత దరఖాస్తుదారుకు లేఖ వెళ్తుంది. వెనక్కి పంపడం అంటే ముసాయిదాలో ఏదో సరిగా లేదని చెప్పడం, అది లోపలి వ్యవహారం. ఒకే బటన్ ఉన్నచోట, ముసాయిదాలో అక్షరదోషం చూసి ‘తిరస్కరించు’ నొక్కితే దరఖాస్తుదారుకు తిరస్కరణ లేఖ వెళ్లిపోయే ప్రమాదం ఉంది. వెనక్కి పంపేవారు ఏ పనికి పంపుతున్నారో ఎంచుకోవాలి, కారణం రాయకపోతే ఫారం ముందుకు కదలకూడదు. ఎంచుకునే జాబితాలో అన్ని పనులనూ పెట్టవద్దు. ముసాయిదా, నష్టం అంచనా, పత్రాల పరిశీలన అనే మూడు చాలు. అంచె నుంచి అంచెకు ఒక్కొక్క మెట్టు దిగుతూ వెనక్కి రావలసిన పని లేదు. డైరెక్టర్‌కు అంచనాలో తప్పు కనిపిస్తే న్యాయ విభాగాన్ని మధ్యలో తిప్పడం దేనికి?

సవరించిన కేసు మళ్లీ పైకి వచ్చినప్పుడు పాత ఆమోదాలు చెల్లుతాయా అన్నది అసలు ప్రశ్న. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఆమోదం కేసుకు కాదు, ఆ క్షణాన కళ్లముందు ఉన్న ముసాయిదాకు. కాబట్టి ఆమోదాన్ని నమోదు చేసేటప్పుడు ముసాయిదా ఎన్నో ప్రతి అన్నది కూడా దానితో పాటే నమోదు కావాలి. ఆమోదానికి పంపిన క్షణం నుంచి ముసాయిదా, పరిహారం మొత్తం, దరఖాస్తుదారు పేరు వంటి గడులకు తాళం పడాలి. తాళం తీసి మార్చితే ముసాయిదా ప్రతి సంఖ్య పెరగాలి, పాత ప్రతికి వచ్చిన ఆమోదాలు చరిత్రలో మిగలాలి కానీ లెక్కలోకి రాకూడదు. అక్షరదోషం సవరించినందుకు కూడా మూడు సంతకాలు మళ్లీ తీసుకోవాలా అని మీ పర్యవేక్షకులు తప్పక అడుగుతారు. అందుకే తాళం వేయవలసిన గడులు ఏవో ముందే తేల్చుకోవాలి. లేఖలోని పదాలు మారితే ఒక దారి, మొత్తం మారితే మరో దారి అని నిర్ణయించుకోవచ్చు. కానీ అది సాఫ్ట్‌వేర్ నియమంగా రాసి ఉండాలి, ఎవరి విచక్షణకో వదలకూడదు.

మూడు అంచెల వరుసను బీపీఎమ్ఎన్‌లో పెట్టాలంటే ఆమోదం టాస్కును మూడుసార్లు గీయనక్కరలేదు. ఒకే టాస్కును వరుస బహుళ రూపంగా, అంటే అదే టాస్కు ఒకరి తర్వాత ఒకరికి పుట్టేలా, పెట్టవచ్చు. దాని అడుగున మూడు అడ్డగీతలు కనిపిస్తాయి. మూడు నిలువు గీతలు ఉంటే అది ఏకకాలంలో అందరికీ వెళ్లే రకం. ఈ గీతలు తారుమారైతే డైరెక్టర్‌కు మళ్లీ మొదటి రోజే కేసు చేరుతుంది. దానికి ముగింపు షరతుగా ‘ఫలితం ఆమోదం కాకపోతే ఆపు’ అని రాయండి. అప్పుడు పర్యవేక్షకులు కాదన్న మరుక్షణం మిగతా రెండు అంచెలూ పుట్టకుండానే ఆగిపోతాయి. దీనిలో ఒక లోపం ఉంది. ఎన్ని అంచెలు అన్న లెక్క ఆ టాస్కు మొదలైనప్పుడే ఖాయమవుతుంది. మొత్తం ఒక పరిమితి దాటితేనే డైరెక్టర్ ఆమోదం కావాలన్న నిబంధన మీకు ఉండి, మధ్యలో మొత్తం పెరిగితే, కొత్త అంచె తనంతట తాను వచ్చి చేరదు. అందుకే మొత్తం మారిన ప్రతిసారీ ఆమోదాల ఘట్టాన్ని మొదటి నుంచి నడపాలని నేను అంటున్నది.

ముసాయిదా తయారుచేసినవారే దానిని ఆమోదించకుండా చూడటం కూడా మరవకండి. చిన్న విభాగాల్లో ఒకే మనిషికి రెండు రోల్స్ ఉంటాయి. రోల్ చూసి అనుమతించే సాఫ్ట్‌వేర్ అతడిని రెండు చోట్లా రానిస్తుంది. కాబట్టి షరతు రోల్ మీద మాత్రమే కాక మనిషి మీద కూడా ఉండాలి: ఈ కేసులో ఇంతకుముందు ముసాయిదా పూర్తిచేసిన వాడుకరి, ఇప్పుడు ఆమోదిస్తున్న వాడుకరి ఒకరే అయితే బటన్ పనిచేయకూడదు.

కొత్త అడ్మిన్:

ఇద్దరికీ కృతజ్ఞతలు. కాగితం మీద ఆధారాలు రాసే పని నలుగురితో కలిసి కూర్చుని చేశాం. పాతకాపు గారు ఊహించినట్టే, తనిఖీకి పత్రాలన్నీ అక్కరలేదని తనిఖీ బృందమే చెప్పింది. పరిశీలనను రెండుగా విడగొట్టాం: గుర్తింపు, స్థలం వివరాల పరిశీలన ఒకటి, మిగతా పత్రాల పరిశీలన ఒకటి. మొదటిది పూర్తికాగానే తనిఖీ తెరుచుకుంటుంది, రెండోది దానితో సమాంతరంగా నడుస్తుంది. ముసాయిదాకు మాత్రం రెండూ కావాలి. సిగ్గు విడిచి చెబుతున్నాను, అక్కడ నేను రెండు వజ్రాలే పెట్టాను, పరీక్షలో పట్టుబడ్డాను.

సీఎమ్ఎమ్ఎన్ పటంలో పరీక్ష కేసు ఒకటి నడిపితే వరుస సరిగ్గా వచ్చింది. చిక్కు వెనక్కి పంపే చోట వచ్చింది. న్యాయ విభాగం పేరుతో ప్రవేశించి కేసును నష్టం అంచనాకు వెనక్కి పంపాను. కేసు స్థితి ‘సవరణలో ఉంది’ అని మారింది కానీ అంచనా టాస్కు మాత్రం తెరుచుకోలేదు. అడ్మిన్ తెరలో చూస్తే అది ‘పూర్తయింది’ అనే ఉంది, దానిని తెరవడానికి బటన్ కూడా లేదు. దానితో కేసు ఎవరి జాబితాలోనూ లేకుండా గాలిలో ఉండిపోయింది. ఇప్పటికే పాత టెంప్లేటుతో నడుస్తున్న కేసులు కొన్ని పదులు ఉన్నాయి. కొత్తది పెడితే అవి ఏమవుతాయన్నది కూడా అర్థం కావడం లేదు. సెలవుల సంగతికి ఇంకా రాలేదు.

నిదానస్తుడు:

మీ అంచనా టాస్కు తెరుచుకోకపోవడం లోపం కాదు, ప్రమాణం చెప్పినట్టే జరిగింది. సీఎమ్ఎమ్ఎన్‌లో పూర్తయిన టాస్కు మళ్లీ తెరుచుకోదు. ముగిసిన కేసునైనా తిరిగి క్రియాశీలం చేయడానికి వీలుంది కానీ, పూర్తయిన టాస్కుకు అది చివరి స్థితి. మీకు కావలసింది పాత టాస్కు తిరిగి తెరుచుకోవడం కాదు, అదే టాస్కుకు రెండో ప్రతి పుట్టడం. అందుకోసం ఆ టాస్కుకు పునరావృతి నియమం పెట్టాలి. పెట్టగానే పటంలో టాస్కు అడుగున ఒక హ్యాష్ గుర్తు కనిపిస్తుంది. దానితో పాటు రెండో ప్రవేశ సెంట్రీ కూడా కావాలి: ‘ఆమోదం టాస్కు పూర్తయింది, ఫలితం వెనక్కి పంపడం, ఎంచుకున్న చోటు నష్టం అంచనా’. మీరు ఇంతకుముందు పొరపాటున పెట్టిన రెండు వజ్రాల అమరిక ఇక్కడ మాత్రం సరైనది, ఎందుకంటే మొదటిసారి తనిఖీ నివేదిక వల్ల, తర్వాత వెనక్కి పంపడం వల్ల, ఏదో ఒక కారణంతో అది తెరుచుకోవాలి.

ఇలా చేస్తే ఒక లాభం కూడా ఉంది. మొదటి అంచనా ఎవరు, ఎప్పుడు, ఎంతగా వేశారో చెక్కుచెదరకుండా మిగులుతుంది, రెండోది వేరుగా నమోదవుతుంది. పాత టాస్కునే తెరిచి దిద్దే సాఫ్ట్‌వేర్లలో మొదటి అంకె చెరిగిపోయి, ఆరు నెలల తర్వాత ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ మిగలదు. అంచనా మళ్లీ పూర్తయినప్పుడు ముసాయిదా కూడా మళ్లీ పుట్టాలి, ఆ తర్వాత మూడు ఆమోదాలు కూడా. కాబట్టి పునరావృతి నియమం ఒక్క అంచనాకు పెట్టి వదిలేస్తే కేసు మళ్లీ ముసాయిదా దగ్గర ఆగిపోతుంది. అంచనా నుంచి చివరి ఆమోదం దాకా ఉన్న పనులన్నిటినీ ఒక స్టేజ్‌లో, అంటే టాస్కులను గుంపుగా ఉంచే పెట్టెలో, పెట్టి, ఆ స్టేజ్‌కే పునరావృతి ఇవ్వడం శుభ్రమైన పద్ధతి. అప్పుడు వెనక్కి పంపినప్పుడల్లా పాత స్టేజ్ నిష్క్రమణ సెంట్రీతో ముగుస్తుంది, కొత్త స్టేజ్ ఖాళీ ఆమోదాలతో మొదలవుతుంది. ముసాయిదా ప్రతి సంఖ్య గురించి ఆడిట్ కన్ను గారు చెప్పినదానిలో సగం పని దీనితోనే అయిపోతుంది. ముసాయిదాకు మాత్రమే వెనక్కి వచ్చినప్పుడు అంచనాను మళ్లీ వేయమని అడగకుండా, పాత అంచనా విలువను కొత్త స్టేజ్‌లోకి తెచ్చుకునే షరతు ఒకటి రాసుకోవాలి.

నడుస్తున్న పాత కేసుల జోలికి వెళ్లకండి. ఇటువంటి ఇంజిన్లలో సాధారణంగా మొదలైన కేసు తాను మొదలైన టెంప్లేటు ప్రతిలోనే చివరిదాకా నడుస్తుంది, కొత్త కేసులు కొత్త ప్రతిని అందుకుంటాయి. మధ్యలో ఉన్నవాటిని కొత్త పటంలోకి మార్చే సాధనాలు కొన్నిటిలో ఉంటాయి కానీ, పరిశీలనను మీరు రెండుగా విడగొట్టారు కనుక పాత ఒక్క టాస్కు కొత్తవాటిలో దేనికి సమానమో ఇంజిన్‌కు తెలియదు. కొన్ని పదుల కేసులే అయితే వాటిని పాత దారిలోనే ముగియనివ్వండి. అప్పటిదాకా డైరెక్టర్ జాబితాలో ఒక వడపోత పెట్టి, ముందు పనులు పూర్తికాని పాత కేసులు ఆయనకు కనిపించకుండా చేయండి. ముఖ్యంగా, ఇంజిన్ ఎంచుకునే దశలో ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట: కముండా 7లో సీఎమ్ఎమ్ఎన్ ఉంది, 8లో లేదు. ఫ్లోయబుల్‌లో రెండు పటాలూ ఉన్నాయి. పటం గీసుకున్నాక ఇంజిన్ మార్చవలసి రావడం కష్టమైన వ్యవహారం.

సెలవుల గురించి: ఆమోదాన్ని మనిషి పేరుకు కాక గ్రూపుకు కేటాయించి, గ్రూపులో ఒకరు దానిని తమదిగా తీసుకునే పద్ధతి అన్నిటికంటే మేలు. అలా కుదరని అంచెకు, అంటే డైరెక్టర్ వంటి ఒకే మనిషి ఉన్నచోట, ప్రత్యామ్నాయ వ్యక్తిని తేదీలతో సహా ముందే నమోదు చేయాలి. లాగ్‌లో ‘ఫలానావారి తరఫున ఫలానావారు’ అని రెండు పేర్లూ రావాలి. పాస్‌వర్డ్ ఇచ్చి వెళ్లడం అనే పాత అలవాటు మీ దగ్గర ఉంటే దీనితో పోతుంది.

గడువు దాటితే గుర్తుచేసే టైమర్‌ను బీపీఎమ్ఎన్‌లో టాస్కు అంచు మీద పెడతారు. అది రెండు రకాలు: టాస్కును ఆపేది, ఆపనిది. పటంలో ఒకటి నిండు గీతల వలయం, మరొకటి విరిగిన గీతల వలయం. గుర్తుచేయడానికి, పైవారికి తెలియజేయడానికి ఎప్పుడూ ఆపనిదే వాడాలి. ఆపేది పెడితే 48 గంటలు గడవగానే న్యాయ విభాగం చేతిలోంచి టాస్కు మాయమవుతుంది, వారు సగం రాసిన అభిప్రాయం కూడా దానితో పోవచ్చు. ఆ 48 గంటలు కూడా గడియారపు గంటలే, పనిగంటలు కావు. వారాంతానికి ముందు సాయంత్రం పంపిన కేసుకు సెలవు రోజుల్లోనే గడువు తీరిపోతుంది. మీ సాఫ్ట్‌వేర్‌లో పనిదినాల క్యాలెండర్ ఉంటే ముందు దానిని నింపి, తర్వాతే టైమర్లు పెట్టండి.

ఆడిట్ కన్ను:

నిదానస్తుడు గారు స్టేజ్‌కు పునరావృతి ఇవ్వమన్నది నాకూ నచ్చింది. గడువుల గురించి ఒక్క హెచ్చరిక చేరుస్తాను. గడువు దాటితే తనంతట తానే ఆమోదించినట్టు పరిగణించే ఎంపిక కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది, ఆలస్యాలకు విసిగిన విభాగాలు దానిని ఇష్టపడతాయి. పరిహారం వంటి విషయంలో దానిని తాకవద్దు. ఎవరూ చూడని కాగితం మీద ముగ్గురు చూసినట్టు లాగ్ చెబుతుంది.

మరొకటి, ఈమెయిల్ నుంచే ఆమోదించే లింకుల గురించి. చాలామంది అధికారులు సాఫ్ట్‌వేర్ తెరవకుండా మెయిల్‌లోనే ‘ఆమోదించు’ నొక్కాలని కోరుకుంటారు. ఆ లింకు నొక్కగానే నిర్ణయం నమోదయ్యేలా అమర్చితే, కొన్ని మెయిల్ భద్రతా వ్యవస్థలు హానికరమైన లింకుల కోసం మెయిల్‌లోని లింకులను తామే ఒకసారి తెరిచి చూస్తాయి కాబట్టి, మనిషి మెయిల్ చదవకముందే ఆమోదం నమోదయ్యే అవకాశం ఉంది. మెయిల్ వెళ్లిన కొద్ది సెకన్లకే ఆమోదం వచ్చినట్టు లాగ్‌లో కనిపిస్తే అనుమానించవలసింది ఇదే. లింకు నిర్ణయం పేజీకి తీసుకెళ్లాలి, అక్కడ ముసాయిదా కనిపించాలి, బటన్ మనిషే నొక్కాలి.

పాతకాపు:

ఆ మెయిల్ లింకు సంగతి నాకూ అనుభవమే, దానికి కారణం కనుక్కోవడానికి అప్పట్లో మూడు రోజులు పట్టింది.

కొత్త అడ్మిన్ గారూ, స్టేజ్ అమరిక పూర్తయ్యాక ఒక పరీక్ష తప్పక చేయండి. అన్నీ ఆమోదమయ్యే కేసును కాదు, వంకరగా నడిచే కేసులను నడపండి. న్యాయ విభాగం రెండుసార్లు వెనక్కి పంపిన కేసు, డైరెక్టర్ చేతిలో ఉండగా దరఖాస్తుదారు వెనక్కి తీసుకున్న కేసు, రెండు తెరల నుంచి ఇద్దరు ఒకే టాస్కును ఒకే నిమిషంలో ముగించబోయిన కేసు, ముసాయిదా రాసినవారినే తాత్కాలిక పర్యవేక్షకులుగా నియమించిన కేసు. ఈ నాలుగింటిలో ప్రతిసారీ ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ క్షణాన ఈ కేసు ఎవరి జాబితాలో ఉంది? ఎవరి జాబితాలోనూ లేదంటే ఏదో ఒక సెంట్రీ మరచిపోయారు. ఇద్దరి జాబితాలో ఉంటే ఏదో ఒక నిష్క్రమణ మరచిపోయారు.

కొత్త అడ్మిన్:

నాలుగు పరీక్షలూ చేశాం. దరఖాస్తు వెనక్కి తీసుకున్న కేసులో డైరెక్టర్ టాస్కు అలాగే మిగిలిపోయింది. స్టేజ్‌కు ‘దరఖాస్తు ఉపసంహరణ’ అనే నిష్క్రమణ సెంట్రీ చేర్చాక అది కూడా సరిపడింది. ముసాయిదా రాసినవారికి ఆమోదం బటన్ కనిపిస్తూనే ఉంది కానీ నొక్కితే కారణం చెప్పి ఆపుతోంది, ప్రస్తుతానికి అది చాలని అనుకున్నాం. పర్యవేక్షకులకు, న్యాయ విభాగానికి గ్రూపులు పెట్టాం, డైరెక్టర్‌కు తేదీలతో ప్రత్యామ్నాయం నమోదు చేశాం. మెయిల్‌లో లింకు నిర్ణయం పేజీకి మాత్రమే వెళ్తుంది. సోమవారం నుంచి కొత్త కేసులన్నీ కొత్త టెంప్లేటులో మొదలయ్యాయి.

నిన్న డైరెక్టర్ కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది: ‘మూడు రోజులుగా మా జాబితా ఖాళీగా ఉంది, సాఫ్ట్‌వేర్ ఆగిపోయిందా?’ అని. ఆగిపోలేదని, కొత్త కేసులేవీ ఇంకా వారి వంతుకు రాలేదని, పాతవాటిలో ముందు పనులు మిగిలి ఉన్నవి ఇప్పుడు కనిపించవని చెప్పాను. వారి కోసం ఏ కేసు ఏ అంచెలో ఉందో చూడటానికి మాత్రమే పనికివచ్చే పేజీ ఒకటి ఈ వారంలో తయారుచేస్తున్నాను. అందులో ఏ బటనూ ఉండదు.